సంతృప్తుడి ఫిర్యాదు

పానకాలరావు పత్రికకు రాసిన ఉత్తరం తిరిగొచ్చింది. అందులో వింతేమీ లేదు. పత్రికలకు ఉత్తరాలు రాసేవాడికి తిరుగుటపా అలవాటే. అయితే ఈసారి ఉత్తరానికి ఒక అచ్చుకాగితం గుచ్చి ఉంది. అందులో మొదటి ప్రశ్న ఇది: "మీ తండ్రిగారితో మీ సంబంధాలు ఎలా ఉండేవి?"

ఆయన రాసింది కుళాయి గురించి.

నూనెమిల్లు వీధికి వచ్చే మంచినీళ్ళ పైపు మురుగుకాలవలోంచి వస్తుంది. కల్వర్టు కింద ఎక్కడో అది పగిలింది. అప్పటినించీ కుళాయిల్లో టీ రంగు నీళ్ళు వస్తున్నాయి. వీధిలో ఎప్పుడు చూసినా ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు కడుపు పట్టుకుని పడుకునే ఉంటారు. ప్రస్తుతం ఆ వంతు పానకాలరావు భార్య తిరుపతమ్మది. మునిసిపాలిటీ వారు పైపు జోలికి పోకుండా, దయతలచి, పొద్దునపూట ఒక ట్యాంకరు పంపిస్తున్నారు. ముందు నిలబడ్డవాళ్ళకు మంచినీళ్ళు, వెనక నిలబడ్డవాళ్ళకు మళ్ళీ కుళాయి, టీ రంగు నీళ్ళు. ఇది తాత్కాలిక ఏర్పాటు అని ట్యాంకరు మీదే రాసి ఉంటుంది. ఆ అక్షరాలు కూడా ఈమధ్య వెలిసిపోయాయి.

ఆ ఊళ్ళో ఏ పని జరగాలన్నా అది 'లోకవాక్కు' దినపత్రికలో రావాలి. ఎన్నికల తరవాత ప్రభుత్వానికీ లోకవాక్కుకీ మధ్య ఉన్నది స్నేహం అంటే తక్కువ చెప్పినట్టవుతుంది. ఒకరికి దగ్గొస్తే రెండోవారు మందు మింగేవారు. మునిసిపల్ ఇంజినీరు పొద్దున్నే మొహం కడుక్కోకముందే లోకవాక్కు చదివేవాడు. ఆ రోజుకి ప్రభుత్వం ఉద్దేశం ఏమిటో తెలిసేది అక్కడే కనక. అందులో రెండు వాక్యాలు పడితే చాలు, పైపు మధ్యాహ్నానికల్లా బాగవుతుంది. ఆ విషయంలో ఎవరికీ అనుమానం లేదు. అందుకే లోకవాక్కు ఆ రెండు వాక్యాలూ వెయ్యదు.

పాత ప్రభుత్వంలో వ్యవహారం వేరు. అప్పుడు పానకాలరావు ఇదే కుళాయి గురించి రాస్తే లోకవాక్కు బాక్సు కట్టి వేసింది. ఆయన 'నీళ్ళు రంగు మారాయి' అని రాస్తే 'ప్రజల నోట విషం' అని శీర్షిక పెట్టింది. ఆయన్ని వీధిలో నిలబెట్టి, చేతికి గ్లాసిచ్చి, కాస్త మొహం చిట్లించమని చెప్పి ఫొటో తీసింది. అప్పటి ఇంజినీరు, ఆ పత్రికలో వచ్చిందంటేనే అబద్ధమని తేల్చి ఫైలు మూసేశాడు. గిట్టని పత్రిక రాస్తే పని జరగదు, గిట్టిన పత్రిక రాయదు. ఈ రెంటి మధ్యా నీళ్ళు మాత్రం వేళ తప్పకుండా వస్తున్నాయి.

"ఏంటంట?" అంది మంచం మీదినించి తిరుపతమ్మ.

"మా నాన్నతో నేనెట్టా ఉండేవాణ్ణని అడుగుతున్నారు."

"మీ నాన్న కుళాయిల డిపార్టుమెంటులో చేశాడా?"

"తాలూకాఫీసులో గదా."

"మరి పోయినాయన్ని ఇప్పుడెందుకు లాగడం?"

పానకాలరావు కళ్ళజోడు సవరించుకుని మిగతావి చదివాడు. చిన్నతనంలో మీకు అన్నం ఆలస్యంగా పెట్టిన సందర్భాలున్నాయా? ప్రభుత్వం అనగానే మీ కుటుంబంలో ఎవరి ముఖం మెదులుతుంది? నీటిని మీరు మొదటిసారి ఎప్పుడు ద్వేషించారు? అడుగున సంతకం స్థానంలో 'పాఠకుల మనోభావ పరిశీలన విభాగం' అని, దానికింద 'విమర్శకు ముందు ఆత్మశోధన' అని ఉంది.

"ఆ నవభేరి పేపరుకి రాయరాదూ? వాళ్ళకి ఈ ప్రభుత్వం అంటే ఒళ్ళుమంట గదా" అంది తిరుపతమ్మ.

"వాళ్ళు రేపే వేస్తారు. ఎల్లుండి మునిసిపాలిటీ వాళ్ళు ట్యాంకరు ఆపేస్తారు. వీధి వీధంతా ప్రతిపక్షం కింద లెక్కయిపోద్ది."

తిరుపతమ్మ గోడవైపు తిరిగి కడుపు నొక్కుకుంది. ఆమె ఇంతకుముందు కడుపునొప్పి వస్తే మూలిగేది. ఇప్పుడు మూలగడం లేదు. పానకాలరావుకి ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయంగా ఉంది. డాక్టరు రెండే ముక్కలు చెప్పాడు: మందు వాడండి, ఆ నీళ్ళు మానండి. ఆయన ఆ నీళ్ళే కాచి, వడకట్టి, చల్లార్చి, గ్లాసులో పోసి, వెలుగులోకి ఎత్తి చూసి, భార్యకిచ్చేటప్పుడు మాత్రం మొహం పక్కకి తిప్పుకునేవాడు.

ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సాక్ష్యానికి ఒక సీసాలో కుళాయి నీళ్ళు పట్టుకుని, బైపాసు పక్కనున్న లోకవాక్కు కార్యాలయానికి నడిచాడు.

ఉత్తరాల పేజీ చూసే భుజంగరావు ఆయన్ని చూసి కుర్చీలోంచి సగం లేచాడు. పాత పరిచయం.

"రండి రండి. మీరు మా పేజీకి పెద్దకొడుకులాంటివారు. ఎన్నాళ్ళయింది చూసి."

"పెద్దకొడుకు ఉత్తరం రాస్తే తండ్రి ఎట్టాంటోడని అడిగారే, భుజంగరావుగారూ."

"అది కొత్త విభాగం లెండి. మీరు వేరే విధంగా అనుకోవద్దు. ఉత్తరాలు వెయ్యడం మేమేమీ మానలేదు. అసలు ఈ ఏడాది వేసినన్ని ఎప్పుడూ వెయ్యలా." ఆయన ఆనాటి పేజీ తీసి ముందు పరిచాడు. 'బస్సు వేళకి వచ్చింది' అని ఒక పాఠకుడు. 'రేషను కందిపప్పు ఉడికింది' అని ఒక గృహిణి. 'మంత్రిగారి కార్లు మా వీధిగుండా వెళ్ళినప్పుడు చల్లగాలి వేసింది' అని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు.

"గాలి గురించి వేశారు గదా, నీళ్ళ గురించి కూడా వెయ్యండి" అన్నాడు పానకాలరావు.

భుజంగరావు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నాచేతుల్లో ఏముందండీ. మా కొత్త విభాగం డాక్టరుగారు సరేనంటే నాకు అభ్యంతరమా? లోపలికెళ్ళండి. సీసా తెచ్చారా? మంచిపని చేశారు."

డాక్టర్ పరంజ్యోతి గది చల్లగా ఉంది. ఆయన గొంతూ అంతే చల్లగా, మెత్తగా ఉంది. మాట్లాడేముందు రెండు అరచేతులూ దగ్గరికి చేర్చి, వాటి మధ్య ఏదో పిట్టను పట్టుకున్నట్టు కాసేపు ఆగేవాడు.

"ప్రభుత్వం మీద కోపం అనేది మూలంలో ప్రభుత్వం మీద కోపం కాదు" అన్నాడు. "మనిషికి బయట కనిపించే ప్రతి అధికారమూ అతని అంతరంగంలో ఉన్న తండ్రికి నీడ. తండ్రిని ఏమీ అనలేనివాడు మునిసిపాలిటీని అంటాడు. దీన్ని మేము ఆగ్రహ స్థానభ్రంశం అంటాం. ఇక నీరు తల్లికి ప్రతీక. నీరు మురికిగా ఉందని ఒక వ్యక్తి పదే పదే రాస్తున్నాడంటే, అతని మాతృభావనలో..."

"మా అమ్మ సంగతి వద్దండీ" అన్నాడు పానకాలరావు.

పరంజ్యోతి కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

"ఈ సీసా చూడండి. తవరికే తెలుస్తుంది."

పరంజ్యోతి సీసా అందుకున్నాడు కాని దానివైపు చూడలేదు. బల్ల మధ్యలో పెట్టి పానకాలరావు మొహంలోకి చూశాడు. "ఇందులో మీకేం కనిపిస్తోంది?"

"మురికి."

"ఇంకా?"

"వానపాము. సన్నది. అదిగో, అడుగున."

"వానపాము." రాసుకున్నాడు. "కదులుతోందా?"

"కదుల్తోందిగా. మీకు కనపట్టంలా?"

"నాకు కనిపించేది ముఖ్యం కాదు, పానకాలరావుగారూ. నాకు కూడా కనిపించిందంటే పరీక్ష చెడిపోతుంది. ఒకసారి ఊపిరి తేలిగ్గా తీసుకుని మళ్ళీ చూడండి. సీతాకోకచిలుక లాంటిదేమైనా తోస్తోందా?"

"లేదండీ. వానపామే."

"ప్రతిఘటన" అని రాసుకుని పరంజ్యోతి కింద గీత గీశాడు.

"అయ్యా, నాకో సందేహం. పొగుడుతా రాసేవాళ్ళకి కూడా ఈ పరీక్ష పెడతారా?"

"ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి పరీక్షలు దేనికండీ?"

"పాత ప్రభుత్వంలో నేను ఇదే కుళాయి గురించి రాస్తే ఫొటో తీసి మరీ వేశారు."

పరంజ్యోతి ఫైలు తిరగేసి చూశాడు. "అవును. అప్పట్లో మీరు పూర్తి ఆరోగ్యంగా ఉండేవారు. ఎన్నికల తరవాతే దెబ్బతిన్నారు."

ఆయన అరచేతుల్లోని పిట్టను వదిలేసి ముందుకు వంగాడు. లోకవాక్కు విమర్శకు వ్యతిరేకం కాదనీ, కల్తీ విమర్శకే వ్యతిరేకమనీ వివరించాడు. తక్కిన అన్ని విషయాల్లోనూ సంతృప్తుడైన పౌరుడు, కేవలం ఆ ఒక్క విషయం మీద మాత్రమే అసంతృప్తితో రాసినది నిర్మల విమర్శ. అటువంటి ఉత్తరం వచ్చిన రోజున దాన్ని మొదటి పేజీలో వేస్తామని సంపాదకులు స్వయంగా మాటిచ్చారు.

"ఇప్పటిదాకా అట్టాంటివి వచ్చినయ్యా?"

"ఎదురుచూస్తున్నాం" అన్నాడు పరంజ్యోతి, నిజంగానే ఎదురుచూస్తున్నవాడిలా.

వచ్చేదారిలో పానకాలరావు మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాడు. ఇంజినీరు మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, సీసా చూశాడు, నిట్టూర్చాడు.

"పైపు పగిలిందని నాకు తెలుసండీ. ఎక్కడ పగిలిందో కూడా తెలుసు. కానీ ఇది నేను చూసింది. చదివింది కాదు."

"చూట్టం కన్నా చదవటం ఎక్కువా సార్?"

"చూసి చేశాననుకోండి, అంతకుముందెందుకు చెయ్యలేదన్న బాధ్యత నామీద పడుతుంది. చదివి చేశాననుకోండి, ప్రజాభిప్రాయానికి తక్షణ స్పందన అవుతుంది. మీరు ఎట్లాగైనా లోకవాక్కులో వేయించండి. గడ్డపారలతో సహా మనుషుల్ని సిద్ధంగా ఉంచుతాను. నామాట నమ్మండి."

పానకాలరావు నమ్మాడు. ఆయన నమ్మకానికి కారణం ఇంజినీరు కాదు, మంచం మీది తిరుపతమ్మ. మొదటి పేజీలో పడితే మధ్యాహ్నానికి నీళ్ళు. మొదటి పేజీలో పడాలంటే తను సంతృప్తుడు కావాలి. సరే, అవుదాం అనుకున్నాడు. జీవితంలో ఆయన దానికోసం ప్రత్యేకంగా ప్రయత్నించడం అదే మొదటిసారి.

తమ్ముడితో ప్రహరీగోడ తగాదా ఉంది. వెళ్ళి, గోడ నువ్వనుకున్నచోటే కట్టుకోమన్నాడు. తమ్ముడు ఆశ్చర్యపోయి, అన్నకేదో పెద్ద జబ్బు చేసిందనుకుని, పళ్ళు కొనుక్కుని చూడ్డానికొచ్చాడు. పక్కింట్లో ఉదయాన్నే పెట్టే మైకు మీద ఎప్పటినించో కోపం. ఇప్పుడు ఆ మైకు పెట్టగానే వీధి అరుగు మీద కూచుని తల ఊపేవాడు. కాకరకాయ కూర మారు వడ్డించుకున్నాడు. అల్లుడి గురించి మంచిమాట ఒకటి వెతికి పట్టుకున్నాడు. తిరుపతమ్మ ఇదంతా పడుకునే గమనించి, చివరికి ఒకరోజు, "నా గురించి డాక్టరు మీతో ఏవన్నా చెప్పాడా? నాతో చెప్పండి, పరవాలా" అంది.

ఇక మిగిలింది తండ్రి.

ఆ ప్రశ్న ఆయన్ని వదల్లేదు. కూచున్నా, పడుకున్నా, నీళ్ళు కాస్తున్నా అదే. ఆయనకి ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. బడిలో వానకి తరగతి గది కురుస్తుంటే పిల్లవాడైన పానకాలు హెడ్మాస్టరుకి అర్జీ రాశాడు. బాగా రాశాడు. ఇంటికి తెచ్చి తండ్రికి చూపించాడు. తండ్రి చదివి, చేతిరాత బాగుందని మెచ్చుకుని, నాలుగు ముక్కలుగా చింపేశాడు. 'పెద్దవాళ్ళకి ఎదురు రాయకూడదురా' అన్నాడు, కోపం లేకుండా. తరవాత పిల్లవాడి తల నిమిరాడు. నిమిరినందుకే ఎక్కువ మండింది.

అంటే ఇన్నాళ్ళుగా తను రాసిన ఉత్తరాలన్నీ ఆ చిరిగిన అర్జీకే నకళ్ళా? వీధిదీపాల గురించి, పందుల గురించి, పింఛను ఆఫీసులో ఫ్యాను గురించి రాసినవన్నీ పత్రికలకి కాక, తాలూకాఫీసు గుమాస్తా అయిన తండ్రికి రాసినవా? పరంజ్యోతి చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. పానకాలరావుని ఇబ్బంది పెట్టింది అదే. పూర్తి అబద్ధమైతే తిట్టిపోసేవాడు. అర్థం లేని మాటలో కాస్త అర్థం దొరికితే మనిషి దాన్ని పట్టుకుని వేళ్ళాడతాడు.

పానకాలరావు తండ్రి ఫొటో ముందు చాలాసేపు కూచున్నాడు. గుమాస్తా ఉద్యోగం, పైవాళ్ళ భయం, కొడుకు ఎక్కడ మాట పడతాడోనన్న బెంగ, అన్నీ ఒక్కొక్కటే కనిపించాయి. పాపం అనుకున్నాడు. లోపల ఎక్కడో ముడి వదులైనట్టయింది. కళ్ళు తుడుచుకుని లేచి, వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పాడు.

నాన్న మీద కోపం పోయింది. నీళ్ళ రంగు పోలేదు.

తను సంతృప్తుణ్ణయ్యానని పానకాలరావు కబురు చేస్తే, ధ్రువీకరణకి పరంజ్యోతి స్వయంగా ఇంటికొచ్చాడు. తిరుపతమ్మ మంచం పక్కన కుర్చీ వేశారు.

"అమ్మా, మీవారు సంతోషంగా ఉంటున్నారా?"

"ఉంటన్నాడు నాయనా. నేను మంచాన పడ్డకాణ్ణించీ మరీను."

"మిమ్మల్ని విసుక్కుంటారా?"

"ఇదివరకు విసుక్కునేవాడు. అప్పుడు మనిషిలా ఉండేవాడు. ఇప్పుడు కాకరకాయ అడిగి ఏయించుకుంటన్నాడు. మీరేదో మందు పెట్టినట్టున్నారు."

"విమర్శనాత్మక ఉద్రేకాలు ఉపశమించాయి" అని రాసుకున్నాడు పరంజ్యోతి. పానకాలరావు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ముందు పెట్టాడు. పరంజ్యోతి దానివైపు చూసి, సంచీలోంచి తన సొంత సీసా తీసి రెండు గుక్కలు తాగాడు.

"మీకు ఈ నీళ్ళలో ఏం కనిపిస్తోందండీ?" అని అడిగాడు పానకాలరావు, సంతృప్తిగానే.

"నేను బయట ఏమీ తీసుకోను, అలవాటు లేదు" అన్నాడు పరంజ్యోతి.

ధ్రువపత్రం వచ్చింది. పానకాలరావు తండ్రి, తమ్ముడు, భార్య, అల్లుడు, ఇరుగుపొరుగు అనే అంశాలన్నిటా సంతృప్తుడనీ, ఈయన చేయబోయే విమర్శ నిర్మలమైనదనీ అందులో ఉంది. అటువంటిది పొందిన తొలి పాఠకుడు ఆయనే. ఉత్తరం ఎలా రాయాలో కూడా పరంజ్యోతి సెలవిచ్చాడు. ముందు పౌరుడి సంతృప్తి అంతా వివరంగా రావాలి. అప్పుడే చదివేవాడికి రాసినవాడి ఆరోగ్యం మీద నమ్మకం కుదురుతుంది. విమర్శ చివర రావాలి.

పానకాలరావు జాగ్రత్తగా రాశాడు. తండ్రి గురించి, గోడ గురించి, మైకు గురించి, కాకరకాయ గురించి రాశాడు. మా నూనెమిల్లు వీధిలో అందరమూ అన్నదమ్ముల్లా ఉంటామనీ, ఈ వయసులో మనిషికి ఇంతకన్నా ఏం కావాలనీ రాశాడు. చివరి రెండు వాక్యాల్లో, అయితే మంచినీళ్ళ పైపు కల్వర్టు కింద పగిలి మురుగు కలుస్తున్నదనీ, నా భార్యతో సహా వీధిలో చాలామంది జబ్బున పడ్డారనీ, వెంటనే బాగుచేయించవలసిందనీ రాశాడు. రాసి మళ్ళీ చదువుకున్నాడు. ఇంత మర్యాదగా ఆయన ఎప్పుడూ రాయలేదు.

ఉత్తరాల పేజీకి ఒక పద్ధతుంది. స్థలం చాలకపోతే ఉత్తరాన్ని చివరినించి కోస్తారు. చదవాల్సిన పని కూడా లేదు; ఎక్కడికి పడితే అక్కడికి తుంచి చుక్క పెడతారు. భుజంగరావు చేతికి అది ఊపిరితో సమానమైన అలవాటు. మొదటి పేజీలో ఆ రోజు మంత్రిగారి చిరునవ్వు కాస్త పెద్దదిగా పడటంవల్ల స్థలం తగ్గింది. భుజంగరావు తుంచాడు. చుక్క పెట్టాడు. శీర్షిక కూడా ఆయనే పెట్టాడు: 'నూనెమిల్లు వీధిలో నిండు జీవితం.'

మర్నాడు ఇంజినీరు మొహం కడుక్కోకముందే చదివాడు. ఇచ్చిన మాట తప్పలేదు. వెంటనే స్పందించాడు. ట్యాంకరు ఆపేశాడు.

ఆ పొద్దున పానకాలరావు పేపరుకోసం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పేపరుకన్నా ముందు వీధిలోని ఆడవాళ్ళొచ్చారు. ఖాళీ బిందెలు, ప్లాస్టిక్ బకెట్లు, ఒక వంటపాత్ర. అందరికన్నా ముందు ఎదురింటి మస్తాన్‌బీ. ఆమె చేతిలో లోకవాక్కు ఉంది.

"బాబాయ్, ఇదేందిది?"

"ఏమైంది?"

"ట్యాంకరు రాలా. డ్రైవరుకి ఫోను చేస్తే, మీ వీధోళ్ళకి ఇంకేం అక్కర్లేదంట గదా, పేపర్లో రాశారంట గదా అంటన్నాడు. మా పిలగాడు చదివి చెప్పాడు. నీ పేరే ఏసుంది. కాకరకాయ అని కూడా ఉంది."

పానకాలరావు పేపరు తీసుకుని చదివాడు. 'మనిషికి ఇంతకన్నా ఏం కావాలి' దగ్గర ఆగిపోయింది. ఆయన పేజీ తిప్పి వెనక చూశాడు, మిగతాది అక్కడుంటుందేమోనని. వెనక చీరల ప్రకటన ఉంది.

"నేను నీళ్ళ గురించే రాశా, మస్తాన్‌బీ."

"నువ్వు రాస్తావని మాకు తెలవదా? ఎప్పుడూ రాస్తానే ఉంటావు. నీళ్ళు రావుగా" అంది మస్తాన్‌బీ. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే గుచ్చుకుంది. "మా కోడలు నిన్నట్నించీ ఒకటే విరేచనాలు. ఇయ్యాళ ట్యాంకరు నీళ్ళన్నా పట్టిద్దామనుకున్నా."

పానకాలరావు గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆయన లోపల ఏదో మొదలైంది. దాన్ని తేరిపార చూసుకున్నాడు. ఈమధ్య అలా చూసుకోవడం అలవాటైంది. అందులో తండ్రి లేడు, ఫొటో ముందు కూచున్న రోజే వెళ్ళిపోయాడు. తమ్ముడు లేడు, గోడ లేదు, అల్లుడు లేడు. పరంజ్యోతి అన్నిటినీ శుభ్రంగా కడిగేశాడు. కడగ్గా మిగిలింది ఒక పగిలిన పైపు, దాన్ని పగిలినట్టే ఉంచిన మనుషులు. ఇంత తేటైన కోపం ఆయనకి పుట్టి బుద్ధెరిగాక రాలేదు.

లోపల తిరుపతమ్మ అంతా విన్నది. గోడ పట్టుకుని లేచి, వంటింటిదాకా నడిచి, ఖాళీ బిందె తెచ్చి ఆయన చేతికిచ్చింది. అంతదూరం నడిచినందుకు ఆమెకి ఆయాసం వచ్చింది.

"మళ్ళీ రాస్తానంటూ కూచోమాకండి" అంది. ఆయన బిందె పట్టుకుని బైపాసు వైపు కదిలాడు, ఆడవాళ్ళు వెనకే నడిచారు.

లోకవాక్కు కార్యాలయంలో అందరికీ వేడిగా, చల్లగా కావాల్సినట్టు నీళ్ళిచ్చే ఏర్పాటుంది. గది మూల ఒక ఇనప స్టాండు మీద పెద్ద క్యాన్ బోర్లించి ఉంటుంది. పక్కన గోడవారగా నిండు క్యాన్లు వరసగా ఉంటాయి. నూనెమిల్లు వీధి ఆడవాళ్ళు లోపలికొచ్చి, ఎవరినీ ఏమీ అడక్కుండా, అక్కడ వరసలో నిలబడ్డారు. ట్యాంకరు దగ్గర నిలబడి నిలబడి వాళ్ళకి వరస బాగా అలవాటు. మస్తాన్‌బీ మొదటి బిందె పెట్టి తిప్పింది.

"తెల్లగా ఉన్నయ్యే" అంది వెనక ఆమెతో.

భుజంగరావు కుర్చీలోంచి పూర్తిగా లేచాడు. "పానకాలరావుగారూ, ఏంటండీ ఇది? మీ ఉత్తరం మొదటి పేజీలో వేశాం గదా."

"చూశా."

"ఓ రెండు వాక్యాలు తగ్గాయంటే స్థలాభావం. వేరే ఉద్దేశం ఏమీ లేదు. మీకు తెలియందేముంది."

బిందెల చప్పుడు విని పరంజ్యోతి బయటికొచ్చాడు. వరస చూశాడు. అరచేతులు దగ్గరికి చేర్చాడు కాని ఈసారి వాటి మధ్య పిట్ట నిలబడలేదు. మస్తాన్‌బీ దగ్గరికి వెళ్ళి మెత్తగా, "అమ్మా, ఈ క్షణంలో మీకేమనిపిస్తోంది?" అన్నాడు.

"దప్పిగ్గా ఉంది."

"దానికంటే లోతుగా..."

"కొద్దిగా పక్కకి జరుగు సారూ. బిందె తగులుద్ది."

"మీ తండ్రిగారు..."

"మా నాయన బిందెలు మొయ్యడు. మేమే మొయ్యాల" అని మస్తాన్‌బీ నిండిన బిందె చంకనెత్తుకుంది. ఇంకో ఆమె ముందుకొచ్చింది. మొదటి క్యాన్ ఖాళీ అయింది. ఇద్దరు కలిసి రెండోది ఎత్తి బోర్లించారు. ఎవరూ అరవలేదు, నినాదాలివ్వలేదు. కార్యాలయంలో అంతమంది మనుషుల మధ్య నీళ్ళు గుటగుటమంటున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

లోపలి గదిలో సంపాదకుడి ఫోను మోగింది. ఆయన తలుపు ఓరగా తీసి చూసి, మళ్ళీ మూసుకున్నాడు.

"రేపు కూడా వస్తారా వీళ్ళు?" అన్నాడు భుజంగరావు, పానకాలరావు పక్కకి చేరి.

"కుళాయిలో మంచినీళ్ళు వచ్చేదాకా వస్తారు. ఎల్లుండి కూడా."

"అయ్యో, ఇదెక్కడి పద్ధతండీ. మీరు చదువుకున్నవారు. మనకో మార్గం ఉంది గదా. ఇదిగో, ఇక్కడే కూచోండి." భుజంగరావు హడావిడిగా కుర్చీ లాగాడు, తెల్లకాగితాలు తీశాడు, తన సొంత కలం మూత తీసి అందించాడు. "మీ ఇష్టం వచ్చినట్టు రాయండి. పరీక్ష వద్దు, పత్రం వద్దు. ఎంత కోపంగా కావాలంటే అంత కోపంగా రాయండి. ఒక్క అక్షరం కొయ్యను. నామాట."

కొత్త క్యాన్ బరువుకి స్టాండు కుంటుతోంది. ఒక కాలు నేలకి ఆనడం లేదు. తరవాత బిందె పెట్టిన ముసలమ్మ ఒక చేత్తో క్యాన్ పట్టుకుని, రెండో చేత్తో బిందె పట్టుకుని అవస్థపడుతోంది.

పానకాలరావు కలం తీసుకోలేదు. కాగితాలు మాత్రం తీసుకున్నాడు. అన్నిటినీ కలిపి మడిచి, ఇంకో మడత వేసి, మందం సరిపోయిందో లేదో వేళ్ళతో నొక్కి చూసుకుని, వంగి స్టాండు కాలు కిందకి దోపాడు. స్టాండు కదలడం ఆగింది.

"ఇప్పుడు పట్టుకో పిన్నీ" అన్నాడు.